అమరావతి రాళ్లు: కచేరీల మధ్య నలిగిన వందేళ్లు

అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలను లండన్ నుంచి తిరిగి తెప్పించాలన్న మాట మన దగ్గర ఎప్పటికప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ వాదనలో సాధారణంగా ఇద్దరే దోషులు కనిపిస్తారు: రాళ్లను సున్నం కాల్చుకున్న ఊరివాళ్లు, మిగిలినవాటిని ఓడెక్కించిన దొరలు. మూడో దోషి ప్రభుత్వ కచేరీ. తవ్వి తీసిన రాయి మ్యూజియం గోడకు చేరేలోపు ఏళ్ల తరబడి ఎవరి పూచీలోనూ లేకుండా పడి ఉన్న కాలంలో జరిగిన నష్టం కూడా తక్కువది కాదు.

కథ 1797లో మొదలవుతుంది. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టించుకుంటూ, ఇటుకల కోసం, రాళ్ల కోసం పాత స్తూపం శిథిలాలున్న దీపాలదిన్నెను తవ్విస్తున్నారని విని సర్వే అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లాడు. ఇంగ్లీషువారు మార్బుల్స్ అని పిలిచినా ఇవి నిజానికి పలనాటి సున్నపురాయి ఫలకాలు. బట్టీలో వేస్తే మేలైన సున్నం వస్తుంది, ఆ గుణమే వాటి పాలిట శాపమైంది. 1816లో మెకంజీ తన చిత్రకారులతో మళ్లీ వచ్చేనాటికి దిన్నె నడిబొడ్డున చెరువు తవ్వి ఉంది. ఆయన బృందం కనబడిన ప్రతి ఫలకాన్నీ కొలతలతో గీయడానికి పూనుకుంది. వాటిలో కొన్ని ఫలకాలు ఆ తర్వాత మాయమయ్యాయి, బొమ్మలు మాత్రం మిగిలాయి.

మెకంజీ తర్వాత రాళ్లు తలో దిక్కూ పోయాయి. కొన్ని కలకత్తాకు, కొన్ని మద్రాసుకు, కొన్ని మచిలీపట్నానికి చేరాయి. మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి తాను కట్టించిన కొత్త బజారు కూడలికి అలంకారంగా ముప్పైకి పైగా ఫలకాలను తెచ్చి నిలబెట్టించాడు. నేటి రాబర్ట్‌సన్‌పేట పేరులో ఆయన ఇంకా ఉన్నాడు. బుద్ధుడి కథలు చెక్కిన రాళ్ల చుట్టూ కూరగాయల బేరాలు సాగడం తప్పని నేననను. ఎంతైనా మనుషుల కళ్లెదుట ఉన్నాయి, తర్వాత కొన్నింటికి పట్టిన గతి కంటే అది నయం.

1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ దిన్నెలో కొంతభాగం తవ్వి పెద్ద సంఖ్యలో ఫలకాలను మద్రాసుకు పంపాడు. తవ్వకం మీద ఆనాడే వివరమైన నివేదిక ఏదీ అచ్చు కాలేదు కనుక, ఏ రాయి ఎక్కడ, ఏ రాయి పక్కన దొరికిందో చెప్పే ఆధారం చాలామటుకు అక్కడితోనే పోయింది. మద్రాసులో వాటికి గది లేదు. కాలేజీ ముందున్న పచ్చికలో, ఎండకూ వానకూ, ఉప్పుగాలికీ దాదాపు పదేళ్లు పడి ఉన్నాయి. 1851లో సెంట్రల్ మ్యూజియం ఏర్పడి ఎడ్వర్డ్ బాల్ఫోర్ దాని బాధ్యత తీసుకున్నాకే వాటి జాబితా వేయించే పని సాగింది. 1858లో లిన్నేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. మరుసటి ఏడే 121 ఫలకాలు ఓడెక్కాయి.

అవి లండన్ చేరేసరికి వాటిని పిలిపించిన ఈస్టిండియా కంపెనీయే లేదు. 1858లో దాని పాలన రద్దయింది, దాని ఇండియా మ్యూజియం ఉన్న భవనాన్ని కొద్దికాలంలోనే పడగొట్టారు. రాళ్లు మొదట థేమ్స్ ఒడ్డున సరుకు దింపే రేవులో పడి ఉండి, తర్వాత మ్యూజియం తరలిన ఫైఫ్ హౌస్‌కు చేరాయి. అక్కడా లోపల చోటు చాలలేదు. 1867 పారిస్ ప్రదర్శన కోసం భారతీయ వాస్తుశిల్పం ఫొటోలు సేకరిస్తున్న జేమ్స్ ఫెర్గుసన్‌కు అవి ఆ ఇంటి బగ్గీల సావిడిలో కనిపించాయి. కృష్ణా తీరం నుంచి ఇంత ఖర్చుపెట్టి తెప్పించుకున్న సంస్థకే అవి ఎక్కడున్నాయో గుర్తులేని స్థితి అది.

ఇండియా మ్యూజియం ఆ తర్వాత కూడా ఇల్లు మారుతూనే ఉంది. చివరకు ఖర్చు భరించలేక ఇండియా ఆఫీసు (లండన్‌లో భారత పాలన చూసే ప్రభుత్వ శాఖ) 1879లో దాన్ని మూసేసి, సేకరణను పలు సంస్థలకు పంచేసింది. చేనేత వస్త్రాలు, కళావస్తువులు ఎక్కువగా సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి, మొక్కలకు సంబంధించినవి లండన్‌లోని క్యూ వృక్షోద్యానానికి పోయాయి. అమరావతి రాళ్లు 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరి మెట్లదారి గోడల మీదికెక్కాయి. ఇరవయ్యో శతాబ్దంలో అవి దశాబ్దాల తరబడి మళ్లీ జనం కంటపడకుండా నేలమాళిగలో ఉన్నాయి; 1992లో గాజు తలుపుల వెనుక, తేమను అదుపు చేసే ప్రత్యేక గదిలో తిరిగి నిలిచాయి. ఇప్పుడు అక్కడ ఒక ఫలకాన్ని రెండువైపుల నుంచీ చూడవచ్చు. ఒకపక్క బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దాని ముందు మొక్కుతున్న భక్తులు. మూడు శతాబ్దాలకు పైగా గడిచాక అదే రాయిని తిప్పి, వెనుకవైపున చెక్కిన నిండు స్తూపం. కూలిపోయిన స్తూపం ఎలా ఉండేదో మనకు చెప్పేవి ప్రధానంగా ఇలాంటి రాళ్లే.

అమరావతిలో మిగిలినదాని సంగతి ఇంకా ఘోరం. 1877లో రాబర్ట్ సెవెల్ అనే అధికారి కొంత తవ్విన తర్వాత, మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ 1880లో దిన్నెను పూర్తిగా తవ్వించమని ఆజ్ఞ ఇచ్చాడు. మరుసటి ఏడు పురావస్తు శాఖ అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే దిన్నె లేదు, గొయ్యి ఉంది. గట్ల మీద పడేసిన ఫలకాల్లో మంచివాటిని ఏరి మద్రాసుకు పంపాలని బర్జెస్ అంటే, ప్రాచీన కట్టడాల క్యూరేటర్ హెచ్.హెచ్. కోల్ అవి ఉన్నచోటే ఉండాలని గట్టిగా వాదించాడు. కోల్ ఓడిపోయాడు. మద్రాసు మ్యూజియంలో ఆ రాళ్లను సిమెంటుతో గోడలో పాతేశారు, వాటిని కాపాడుతున్నామన్న నమ్మకంతోనే. సిమెంటులోని లవణాలు సున్నపురాయిలోకి దిగి పైపొర పెచ్చులూడటం మొదలయ్యాక, అతికించిన రాళ్లను ఊడదీయడమెలా అన్నది ఆ మ్యూజియం పరిరక్షకులకు వారసత్వంగా వచ్చిన సమస్య.

ఇదంతా తెల్లవారి కాలపు సంగతి అని తోసిపుచ్చడానికి చందవరం అడ్డొస్తుంది. ప్రకాశం జిల్లాలోని ఆ బౌద్ధ క్షేత్రంలో దొరికిన శిల్పాలను అక్కడే భద్రపరిచారు. కోల్ కోరుకున్నది సరిగ్గా అదే. కానీ తాళానికీ కాపలాకూ తగిన ఏర్పాటు లేని చోటు నుంచి కొన్ని శిల్పాలను దొంగలు ఎత్తుకుపోయారు. వాటిలో బుద్ధుణ్ణి ఆరాధిస్తున్న భక్తుల ఫలకం ఒకటి న్యూయార్క్ వ్యాపారి చేతుల మీదుగా 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి అమ్ముడుపోయింది. దొంగతనానికి ముందు చందవరంలో తీసిన ఫొటోలో అదే ఫలకం ఉందని ఒక పరిశోధకుడు గుర్తించాకే దాని అసలు చిరునామా బయటపడింది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని భారత ప్రభుత్వానికి అప్పగించింది.