సారస కొంగ తల దించినప్పుడు

ఉత్తరప్రదేశ్‌లోని ఎటావా, మైన్‌పురి జిల్లాల వరి పొలాల్లో సారస కొంగలు ఏడాది పొడవునా జంటలుగా తిరుగుతూ కనిపిస్తాయి. ఎగరగలిగే పక్షులన్నిటిలోకి ఎత్తయినది ఇదే; మెడ నిటారుగా నిలిపితే ఆరడుగుల దాకా ఉంటుంది. ఒకప్పుడు దక్షిణాన గోదావరి వరకు వీటి సంచారం ఉండేది. ఇవాళ పొలాల్లో స్వేచ్ఛగా తిరిగే సారసాలను చూడాలంటే తెలుగువారు ఉత్తరాదికి ప్రయాణం కట్టాల్సిందే.

మన చెరువుల్లో కనిపించే నారాయణ పక్షి నీళ్లలో కదలకుండా నిలబడి, చేప తనంతట తాను దగ్గరికి వచ్చే వరకు కాచుకుంటుంది. సారసం అలా కాదు, నడుస్తూ మేస్తుంది. తుంగగడ్డలు, నీటిమొక్కల దుంపలు, కోతల్లో రాలిన గింజలు, మిడతలు, నత్తలు, కప్పలు, ఏది దొరికితే అది తింటుంది. దుంప కోసం తవ్వేటప్పుడు ముక్కును బురదలోకి దించి, అటూ ఇటూ కదిపి, మట్టిపెళ్లను పెకలించి పక్కకు తోస్తుంది. దొరికినదాన్ని ముక్కు కొసన పట్టుకుని, తలను ఒక్కసారి వెనక్కి విదిలించి గొంతులోకి జార్చుకుంటుంది. ఈ చివరి కదలిక కంటికి సరిగా అందదు. సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగంతో వరుసగా తీసిన ఫొటోల్లో మాత్రం, అది మింగింది గింజా, పురుగా, దుంపా అన్నది చాలాసార్లు తేల్చుకోవచ్చు. ఒంటి ఈకలు లేత బూడిద రంగులో ఉంటాయి కనుక ఎండ ముదిరితే వాటిలోని వివరాలు తెల్లగా మాసిపోతాయి. అందువల్ల ఉదయపు వెలుతురే మేలు. ఫోకస్ మాత్రం ఎర్రటి తలలోని నారింజ రంగు కంటి మీదే నిలపాలి.

అయితే మనకు తరచూ కనిపించే సారసం ఫొటోల్లో పక్షి మెడ నిక్కించి, ఠీవిగా కెమెరా వైపు చూస్తుంటుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ, నా దృష్టిలో అలాంటి చిత్రాల్లో చాలావరకు మేత చెడిన పక్షివే. జంటలో ఒకటి మేస్తుంటే రెండోది మధ్యమధ్య తల ఎత్తి చుట్టూ చూడటం మామూలే. మనిషి దగ్గరయ్యే కొద్దీ ఆ తల ఎత్తడం పెరుగుతుంది, ఆ తర్వాత రెండూ మేత మాని దూరంగా నడక మొదలుపెడతాయి, అప్పటికీ మనం ఆగకపోతే కూత, ఆపైన ఎగిరిపోవడం. పక్షుల ప్రవర్తనను అధ్యయనం చేసేవారు ఇందుకే నిర్ణీత వ్యవధికొకసారి, ఉదాహరణకు ప్రతి అర నిమిషానికి, తల పైకుందా కిందికుందా అని రాసుకుంటారు. ఫొటోగ్రాఫర్‌కూ ఇంతకన్నా నమ్మకమైన కొలత లేదు. రాగానే దూరం నుంచి ఒక పది నిమిషాలు లెక్క రాసుకుని, దగ్గరికి వెళ్లాక మళ్లీ రాసుకుంటే, తన రాక వాటికి ఎంత మేత పోగొట్టిందో అంకెల్లో తెలిసిపోతుంది.

వర్షాకాలంలో ఈ లెక్క మరింత కీలకం. సారసాలు ప్రధానంగా అప్పుడే నీటి మధ్య గడ్డీగాదం కుప్పగా పోసి గూడు కడతాయి, మామూలుగా రెండు గుడ్లు పెడతాయి. మనిషిని చూసి తల్లిదండ్రులు గూడు విడిచి లేస్తే గుడ్లు కాకుల పాలు కావచ్చు. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లలు త్వరలోనే పెద్దల వెంట నడుస్తాయి కానీ, మొదట్లో పెద్దలు ముక్కు కొసన పట్టి అందించే పురుగులే వాటి తిండి. పెద్దది తల ఎత్తి మనల్ని చూస్తూ నిలబడినంత సేపూ పిల్లకు ఆ పురుగు అందదు. అందుకే గూడు ఉన్న పొలంలోకి దిగకుండా, రోడ్డు మీద ఆపిన కారు కిటికీలోంచే పొడవాటి లెన్స్‌తో తీయడం మంచిది. పొలాల పక్కన వాహనాలకు అలవాటుపడిన పక్షులు సాధారణంగా ఆగి ఉన్న కారు కన్నా కాలినడకన వచ్చే మనిషికే ఎక్కువగా బెదురుతాయి.