యాట్ ఎక్కే ముందు గాలి సంగతి చూసుకోండి

కరీబియన్‌లో ఓ వారం యాట్, అంటే తెరచాప విహార పడవ, అద్దెకు తీసుకుందామనుకునేవాళ్ళు ముందు చూసేది పడవ ఫొటోలు. గదులెన్ని, ఏసీ ఉందా, పైన పడుకోవడానికి చోటుందా అని. చూడండి, తప్పులేదు. కానీ ఆ వారం హాయిగా గడుస్తుందా, వాంతులతో గడుస్తుందా అన్నది తేల్చేది గాలి.

బ్రిటిష్ వర్జిన్ దీవుల సంగతే తీసుకుందాం. ఇవి దాదాపు మన శ్రీకాకుళం ఉన్న అక్షాంశం మీదే ఉన్నాయి. అద్దె యాట్లకి బాగా పేరున్న చోటు, దానికి భౌగోళిక కారణం కూడా ఉంది. ఉత్తరాన టోర్టోలా, దక్షిణాన నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్, జింజర్ దీవులు వరుసగా ఉంటాయి. వాటి మధ్య ఉన్న సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానెల్‌లోకి సముద్రపు పెద్ద అలలు రావు, గాలి మాత్రం వస్తుంది. తెరచాప పడవకి ఇంతకంటే ఏం కావాలి?

ఆ గాలే మనం స్కూల్లో చదివి మరిచిపోయిన వ్యాపార పవనాలు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి ధ్రువాల వైపు పోయి, సుమారు 30 డిగ్రీల దగ్గర కిందికి దిగి, మళ్ళీ నేల మీదుగా భూమధ్యరేఖ వైపు వస్తుంది. ఈలోపు భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అది నేరుగా దక్షిణానికి రాక పడమటి వైపు వంగుతుంది. అందుకే అక్కడ గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచే వీస్తుంది, మామూలుగా 15, 20 నాట్ల (గంటకి సుమారు 28, 37 కిలోమీటర్ల) వేగంతో. డిసెంబర్ మధ్య నుంచి కొన్ని వారాలు ఇంకా జోరుగా ఉంటుంది, వాటికి క్రిస్మస్ గాలులని పేరు. కొత్తవాళ్ళు సరిగ్గా ఆ సెలవులకే బుక్ చేసుకుంటారు!

గాలి ఇంత నమ్మకంగా ఒకే దిక్కు నుంచి వస్తుంటే రూట్ వేసుకోవడం తేలికే అనిపిస్తుంది గానీ, తెరచాప పడవ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు, అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల వాలులో మలుపులు తిరుగుతూ పోవాలి. లెక్క వేస్తే 10 మైళ్ళ దూరం 14 మైళ్ళవుతుంది, రెండు అడుగుభాగాలుండే కాటమరాన్ పడవ అయితే ఇంకాస్త ఎక్కువే. కాబట్టి తూర్పున ఉన్న వర్జిన్ గోర్డా దీవికి మొదటి రోజుల్లోనే వెళ్ళిపోండి. ఆఖర్లో అందరూ అలసిపోయి ఉంటారు, అప్పుడు గాలివాటున వెనక్కి రావచ్చు.

వర్జిన్ గోర్డా నుంచి ఉత్తరంగా అనెగాడా ఉంది. చుట్టుపక్కల దీవులన్నీ కొండలైతే ఇది పగడపు సున్నపురాయి పలక, ఎత్తైన చోటు కూడా 30 అడుగులు దాటదు. దూరం నుంచి దీవి కనిపించదు, ముందు కొబ్బరిచెట్ల తలలే కనిపిస్తాయి. చుట్టూ పగడపు దిబ్బలు. అక్కడికి ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు చేరాలనడానికి కారణం కాంతే. నీరు ఎరుపును త్వరగా పీల్చేసుకుంటుంది, నీలాన్ని వదిలేస్తుంది కాబట్టి లోతైన చోటు ముదురు నీలంగా, ఇసుక మీది తక్కువ లోతు లేత ఆకుపచ్చగా, పగడం గోధుమ రంగు మచ్చగా కనిపిస్తాయి. సూర్యుడు నెత్తి మీద ఉంటేనే ఈ రంగులు విడివిడిగా తెలుస్తాయి. ఎదురుగా ఉంటే నీటి మీద మెరుపు తప్ప ఏమీ కనబడదు. పోలరైజ్డ్ కళ్ళద్దాలు మర్చిపోవద్దు.

సీజన్ విషయానికొస్తే, అట్లాంటిక్‌లో హరికేన్లు అధికారికంగా జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఇవీ మన తుఫానుల జాతే, సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీలు దాటితేనే బలపడతాయి. వేసవంతా వేడెక్కుతూ వచ్చిన నీళ్ళ మీద సెప్టెంబర్‌లో వాటి జోరు ఎక్కువ. 2017 సెప్టెంబర్ 6న ఇర్మా ఈ దీవుల మీదే విరుచుకుపడింది. అక్టోబర్ చివరికొచ్చాం కదా అని ధీమా పడటానికీ లేదు: 1867 అక్టోబర్ 29న వచ్చిన హరికేన్‌లో ఆర్‌ఎంఎస్ రోన్ అనే స్టీమర్ సాల్ట్ దీవి దగ్గర మునిగి నూరు మందికి పైగా పోయారు. ఆ నెలల్లో అద్దెలు చవకగా కనిపించేది ఇందుకే. నన్నడిగితే మార్చి, ఏప్రిల్ మంచివి.

ఇక రాత్రి బస. ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు, సంధ్యవెలుగు అరగంట కూడా ఉండదు. కెప్టెన్ లేకుండా పడవ ఇచ్చే కంపెనీలు సాధారణంగా చీకట్లో నడపనివ్వవు, పైగా పడవ కట్టుకోవడానికి నీటి మీద తేలుతూ ఉండే బోయాలు సాయంత్రానికి నిండిపోతాయి. అవి దొరికిన చోట లంగరు వేయకండి. మెదడు పగడాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి, లంగరు గొలుసు ఒక్క రాత్రిలో వాటిని చెక్కేస్తుంది. లంగరు వేయక తప్పకపోతే ఇసుక మీదే వేసి, లోతుకి కనీసం ఐదు రెట్లు గొలుసు వదలండి. గొలుసు బరువుగా కింద పరుచుకుంటేనే లంగరు మీద లాగుడు అడ్డంగా పడి, అది ఇసుకలోకి దిగుతుంది. కురచగా వదిలితే పైకి లాగి ఊడొస్తుంది, అర్ధరాత్రి పక్క పడవవాళ్ళు లేచి అరుస్తారు.

ఇవన్నీ టెన్షన్‌గా అనిపిస్తే కెప్టెన్‌ని కూడా మాట్లాడుకోండి, ఖర్చు పెరుగుతుంది గానీ నిద్ర పడుతుంది.