సముద్ర హద్దుల కేసులు: అపోహలు - వాస్తవాలు

సముద్ర చట్టం కేసుల్లో పనిచేసే లాయర్‌గా నాకు తరచూ ఎదురయ్యే మాటలివి.

అపోహ: సముద్రం తగాదాలన్నీ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానమే తేలుస్తుంది.

వాస్తవం: 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం హేగ్ కోర్టుకు పోవచ్చు, హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కు పోవచ్చు, ఆర్బిట్రేషన్‌కూ (దేశాలు నియమించుకున్న మధ్యవర్తులు తగాదా తేల్చే పద్ధతి) పోవచ్చు. రెండు దేశాలూ ఒకే చోటుకు ఒప్పుకోకపోతే మిగిలేది ఆర్బిట్రేషనే. భారత్ వీటిలో దేన్నీ ఎంచుకోలేదు. అందుకే 2009లో బంగ్లాదేశ్ మన మీద వేసిన కేసు ఐదుగురు ఆర్బిట్రేటర్ల ముందుకు వెళ్ళింది. మయన్మార్‌తో దాని కేసు హాంబర్గ్‌లో నడిచింది. అన్నట్టు, కృష్ణా జిల్లాకు చెందిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు హాంబర్గ్‌లో 1996 నుంచి 2017 దాకా జడ్జి, మధ్యలో మూడేళ్ళు అధ్యక్షుడు కూడా. మన లా విద్యార్థులకు ఈ సంగతి తప్పక తెలియాలి.

అపోహ: మధ్యలో గీత గీసేస్తే సరి. దీవి ఎవరిదైతే చుట్టూ ఉన్న సముద్రం వాళ్ళదే.

వాస్తవం: సమదూర గీతతో, అంటే రెండు దేశాల తీరాలకూ సమాన దూరంలో ఉండే గీతతో మొదలుపెడతారు, అంతే. దానివల్ల ఒకరికి అన్యాయం జరుగుతుంటే గీతను జరుపుతారు. చివర్లో తీరాల పొడవుకూ దక్కిన సముద్రానికీ పొంతన ఉందా అని చూస్తారు.

బంగాళాఖాతంలో బంగ్లాదేశ్ తీరం లోపలికి వంగి ఉంటుంది. ఇటు మన వైపు, అటు మయన్మార్ వైపు సమదూర గీతలు గీస్తే అవి ముందుకెళ్ళే కొద్దీ దగ్గరవుతాయి. బంగ్లాదేశ్ సముద్రం మధ్యలోనే తెగిపోతుంది. భారత్ సమదూర గీతే కావాలంది. బంగ్లాదేశ్ నేరుగా దక్షిణానికి, అంటే 180 డిగ్రీల దిశలో గీయమంది. 2014 జులై 7 నాటి తీర్పు సమదూర గీతతో మొదలై, కొంత దూరం పోయాక 177 డిగ్రీల 30 నిమిషాల దిశకు తిరిగింది. తగాదాలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్ళాయి. భారత్ నియమించిన ఆర్బిట్రేటర్ పెమ్మరాజు శ్రీనివాసరావు గారు కొన్ని అంశాల్లో విభేదించారు. నా మటుకు నాకు గీత జరపడం న్యాయంగానే తోస్తుంది.

ఇక దీవి సంగతి. 1970 తుపాను తర్వాత భారత్, బంగ్లాదేశ్ హద్దు దగ్గర సముద్రంలో బయటపడిన న్యూమూర్ దీవి కోసం రెండు దేశాలూ ఏళ్ళ తరబడి పట్టుబట్టాయి. 2013లో ట్రిబ్యునల్ స్వయంగా ఆ ప్రాంతానికి వెళ్ళి చూసింది. గీతకు ఆధార బిందువుగా, అంటే దూరాలు కొలిచే చోటుగా అది పనికిరాదని పక్కన పెట్టేసింది. ఆ చోటు చివరికి గీతకు మన వైపే పడింది.

అపోహ: అమలు చేయించే పోలీసు లేడు కాబట్టి తీర్పు చిత్తుకాగితం.

వాస్తవం: దక్షిణ చైనా సముద్రం మీద 2016 తీర్పును చైనా ఒప్పుకోలేదు, నిజమే. కానీ భారత్ 2014 తీర్పును ఒప్పుకుంది. గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థకు చెందిన, నెదర్లాండ్స్ జెండాతో తిరిగే నౌకను పట్టుకున్న కేసులో విచారణకే రాని రష్యా, 2019లో నెదర్లాండ్స్‌కు 27 లక్షల యూరోలు ఇచ్చి రాజీ చేసుకుంది.

అపోహ: పరాయి దేశం పట్టుకుంటే మత్స్యకారుడి కుటుంబమే అంతర్జాతీయ కోర్టుకు పోవచ్చు.

వాస్తవం: అలా పోవడానికి వీల్లేదు. పడవ ఏ దేశానిదో ఆ దేశమే, లేదా దాని తరఫునే కేసు వేయాలి. 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. పట్టుకున్న చోటు ఆ పరాయి దేశపు తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు (ఒక నాటికల్ మైలు సుమారు 1.85 కిలోమీటర్లు) దాటి 200 లోపు అయితే, వేట నేరం ఒక్కదానికే జైలు వేయకూడదు, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప. తగిన పూచీకత్తు తీసుకుని పడవనూ మనుషులనూ వదలాలి. వదలకపోతే పది రోజుల తర్వాత హాంబర్గ్ తలుపు తట్టవచ్చు. 1997లో సైగా అనే నౌక విషయంలో నవంబరు 13న కేసు వేస్తే డిసెంబరు 4కల్లా తీర్పు వచ్చింది. 12 మైళ్ళ లోపల పట్టుబడితే మాత్రం ఈ రక్షణ వర్తించదు. కాబట్టి బోటు ఎక్కడుండగా పట్టుకున్నారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. జీపీఎస్ రీడింగులను ఎప్పటికప్పుడు ఒడ్డున ఉన్న ఓనరుకు పంపుతూ ఉండండి.