పెద్దమ్మ చెప్పని చూర్ణం

కార్తీక సోమవారం సాయంత్రం పాలకొల్లు క్షీరారామంలో దీపం వెలిగించి ఇంటికొచ్చిన మా పెద్దమ్మకి ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. షుగర్ మీటరు పెట్టి చూస్తే 54, ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ. బెల్లం నీళ్ళు తాగించాక గానీ తేరుకోలేదు. "నేను వేసుకునేది మెట్‌ఫార్మినే కదరా, అది షుగర్ని మరీ పడేయదంటారుగా!" అంది.

ఆ మాట నిజమే. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరని మెట్‌ఫార్మిన్ తగ్గిస్తుంది గానీ ఇన్సులిన్‌ని ఎక్కువగా ఊరించదు. అందుకని అదొక్కటే వాడేవాళ్ళకి షుగర్ మరీ పడిపోవడం అరుదు. కానీ స్ట్రిప్ వెనక్కి తిప్పితే అదే బిళ్ళలో గ్లిమిపిరైడ్ కూడా ఉంది. మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలించే మందు అది. పైగా రోజూ పరగడుపున పొడపత్రి చూర్ణం. కాకర, మెంతుల్లాగే అదీ షుగర్ని కొంత దించగలదు. వీటికి ఆ రోజు ఉపవాసం తోడైంది.

డాక్టరు అడిగితే మాత్రం "ఇంకేం వాడట్లేదండీ" అని చెప్పిందట. ఆకుపొడిని మనం మందుల లెక్కలో వేయం. నిజానికి మెట్‌ఫార్మిన్ కథ మొదలైందే ఒక మొక్క దగ్గర. యూరప్‌లో పెరిగే గాలెగాలోని గ్వానిడిన్ రకం పదార్థాల వెంటపడితే వచ్చిన మందు ఇది. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు మధుమేహులకిచ్చి ఫలితాలు ప్రచురించాడు.

ఇక అరికాళ్ళ తిమ్మిర్లు. షుగర్ వల్లేలే అని సరిపెట్టుకుంటాం. బి12 విటమిన్ తగ్గినా అవే తిమ్మిర్లు రావచ్చు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే పేగులు బి12ని సరిగా పీల్చుకోలేకపోవచ్చు. గ్యాస్ బిళ్ళలు కూడా ఎక్కువకాలం వాడితే అదే పని చేస్తాయి. వారానికి నాలుగు రోజులు చేపల పులుసు తినే గోదావరి ఇంట్లోనూ ఈ లోటు రావచ్చు, ఎందుకంటే తక్కువైంది తిండిలో కాదు, పీల్చుకోవడంలో. మామూలు రక్తపరీక్షతో తేలిపోయేదే.

నాకు ఎక్కువ భయం ఇదే మందు వాడే పెదనాన్న గురించి. మెట్‌ఫార్మిన్ ఒంట్లో విరగదు, ఉన్నదున్నట్టు మూత్రంలో పోతుంది. మోకాళ్ళ నొప్పులకి షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలు కిడ్నీని దెబ్బతీస్తే మందు లోపలే పేరుకుంటుంది. ఆపైన మద్యం ఎక్కువైతే కాలేయం లాక్టిక్ ఆమ్లాన్ని వదిలించుకోలేదు, అది రక్తంలో పేరుకుంటుంది. అరుదే గానీ ప్రాణం మీదికి తెస్తుంది. స్కానింగ్‌కి రంగుమందు ఎక్కించేముందు మెట్‌ఫార్మిన్ సంగతి అడిగేదీ కిడ్నీ కోసమే.

ఈసారి ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు చూర్ణం డబ్బా, నొప్పుల బిళ్ళలు, గ్యాస్ బిళ్ళలు అన్నీ సంచిలో వేశాను. "కల్లు సీసా కూడా పెట్టమంటావేంట్రా?" అన్నాడు పెదనాన్న. అక్కర్లేదు, నోటితో చెప్తే చాలన్నాను.