బీచి రోడ్డు వెంట భీమిలి దాకా

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు మీరంతా విశాఖపట్నం వస్తున్నారని అమ్మ చెప్పింది. మీరు పంపిన జాబితా చూశాను. అన్ని చోట్లకూ కారులో పరుగులు పెట్టడం కన్నా, బీచి రోడ్డు పట్టుకొని ఉత్తరంగా భీమిలి దాకా నిదానంగా సాగడం మేలని నా అభిప్రాయం. దాదాపు 30 కిలోమీటర్ల ఆ దారిలోనే మీరు అడిగిన సాహసమూ, మీ నాన్న అడిగిన చరిత్రా రెండూ దొరుకుతాయి.

ముందుగా రామకృష్ణా బీచిలో ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామి చూద్దాం. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన ఈ నౌకను ఆ మరుసటి సంవత్సరమే ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు 91 మీటర్లున్నా, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒత్తిగిలి దారి ఇవ్వవలసిందే. ఒక గదిలోంచి మరొక గదిలోకి గుండ్రటి ద్వారం గుండా నడుము వంచి, కాలు ఎత్తి దాటాలి. నావికుల పడకలు టార్పెడోల (నీటి కింద దూసుకుపోయి శత్రు నౌకలను పేల్చే ఆయుధాల) పక్కనే ఉంటాయి. 1971 యుద్ధంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది కూడా ఈ తీరానికి ఎదురుగానే.

ఈ బీచిలో మాత్రం నీళ్లలోకి దిగనివ్వను. పైకి మామూలుగా కనిపించే అలల కింద మనిషిని లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పడవ షికారుకూ, సర్ఫింగ్‌కూ రుషికొండ ఉంది. కైలాసగిరి రోప్‌వే మీకు తప్పక నచ్చుతుంది, నాకు ఆ రద్దీ సరిపడదు కాబట్టి కింద కూర్చుంటాను.

రుషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. నౌకాదళం వారు 1976లో విమానంలోంచి సర్వే చేస్తుండగా బయటపడిన ఈ బౌద్ధారామంలో సుమారు రెండువేల ఏళ్ల కిందట భిక్షువులు నివసించేవారు. స్తూపాలూ, వరుసగా కట్టిన చిన్న చిన్న గదుల పునాదులూ చూసి తిరిగి వచ్చేయకండి. బండలో తొలిచిన నీటి తొట్ల దగ్గర కాసేపు ఆగండి. కొండ మీద ఊట లేని చోట వాననీటినే నిలవ చేసుకొని అంతమంది బతికారు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ నాణేలూ దొరికాయంటే, కింద కనిపించే ఈ సముద్రం మీదుగా ఎంత దూరపు వర్తకం సాగిందో మీరే ఊహించండి.

భీమిలికి కాస్త ఇవతల ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. నా మటుకు ఈ దారి మొత్తానికి ఇదే గొప్ప చోటు, కాబట్టి ఎండ ముదరక ముందే అక్కడికి చేరేలా బయలుదేరాలి. వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఒడ్డుకు ఎగరేసి మేట వేసింది. అందులోని ఇనుప ఖనిజాలు క్రమంగా తుప్పు పట్టడంతో ఇసుకకు ఈ రంగు వచ్చింది. తరువాత వానలు దాన్ని కోసుకుంటూ పోయి, మనిషి ఎత్తుకు మించిన లోయలుగా మలిచాయి. ఆ లోయల అడుగున నడుస్తూ పక్క గోడను వేలితో తాకితే పొడిపొడిగా రాలుతుంది. అందుకే అంచుల మీదికి ఎక్కడం, పేర్లు చెక్కడం కూడదు. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించినా, చుట్టూ కట్టడాల ఒత్తిడి పెరుగుతూనే ఉంది, అది చూస్తే నాకు కోపం వస్తుంది.

భీమిలిలో డచ్చివారి శ్మశానం చూద్దాం. పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చి ఇక్కడే కన్నుమూసినవారి సమాధులవి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కూడా ఆ ఊళ్లోనే. అదే నదిని బొర్రా గుహల్లో చూడాలంటే మరుసటి రోజు అరకు వెళ్లే రైలెక్కాలి. సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వచ్చే ఆ ప్రయాణంలో కిటికీ పక్క చోటు కోసం మీరు కొట్టుకుంటారని తెలిసి, టిక్కెట్లు ముందే తీయిస్తున్నాను. రైలు ఉదయాన్నే ఉంటుంది, స్వెట్టర్లు మరచిపోవద్దు.

ఇట్లు,
మీ తాతయ్య