కరెంట్ పోయిందనుకున్న రికార్డు

చిరంజీవి కిట్టూకి, చిన్నికి అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మొన్న వీడియో కాల్‌లో కిట్టూ అడిగాడు కదా, "అమ్మమ్మా, సూపర్‌గ్రూప్ అంటే మల్టీస్టారర్ లాంటిదా?" అని. అప్పుడే కుక్కర్ కూత పెట్టింది, అవతల మీ అమ్మ హోంవర్క్ అని అరిచింది, నా జవాబు గాల్లో కలిసిపోయింది. ఫోన్లో చెబితే మీరెలాగూ సగమే వింటారు. అందుకే రాస్తున్నాను.

మల్టీస్టారర్ లాంటిదేరా. అప్పటికే వేర్వేరు బృందాల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళు వాటిని వదిలేసి ఒకచోట చేరితే సూపర్‌గ్రూప్ అంటారు. కాకపోతే సినిమాకి షూటింగ్ అయిపోగానే ఎవరి దారి వాళ్ళది. వీళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి ఒకే గదిలో కూర్చుని వాయించుకోవాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, మన అటక మీద ఉన్న నల్ల రికార్డులో ఏకంగా మూడున్నాయి. ఎమర్సన్, లేక్ అండ్ పామర్. బృందం పేరూ అదే, 1970 నవంబరులో ఇంగ్లండులో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ పేరూ అదే. ఆడిటర్ల ఆఫీసు బోర్డులా ఉంటుంది. అట్ట మీద తెల్ల పక్షి బొమ్మ చూసి చిన్ని చిన్నప్పుడు "పావురాల రికార్డు" అనేది.

ఆ రికార్డు మీ చిన్నతాత తెచ్చాడు. ఓడల్లో పని చేసేవాడు, విశాఖ రేవులో దిగినప్పుడల్లా అందరికీ సబ్బులూ సెంట్లూ తెచ్చి, తనకోసం మాత్రం రికార్డులు తెచ్చుకునేవాడు. మళ్ళీ ఓడెక్కాక అవి నా పాలిట పడేవి. నేనప్పుడు ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో టెలిఫోన్ ఆపరేటర్ని. రాత్రి డ్యూటీ చేసొచ్చి, మధ్యాహ్నం నిద్ర పట్టక వింటూ ఉండేదాన్ని.

ఇంతకీ ఆ ముగ్గురు. కీబోర్డు కీత్ ఎమర్సన్‌ది. అంతకు ముందు ద నైస్ అనే బృందంలో ఉండేవాడు. వేదిక మీద హామండ్ ఆర్గాన్ అనే కరెంటు కీబోర్డు మెట్ల మధ్య నిజం కత్తులే గుచ్చి, స్వరం ఆగకుండా మోగించేవాడు. కత్తుల మాట నేను ఊరికే ఎత్తలేదు! పాట, బేస్ గిటార్ గ్రెగ్ లేక్‌వి, కింగ్ క్రిమ్సన్ బృందంలోంచి వచ్చాడు. ఈ ఆల్బమ్‌కి నిర్మాత కూడా అతనే. డ్రమ్స్ కార్ల్ పామర్, ఇతను అటామిక్ రూస్టర్ నుంచి. 1969 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎమర్సన్ బృందమూ లేక్ బృందమూ ఒకే వేదిక మీద వాయించాయి, కలిసి పనిచేద్దామన్న మాట అక్కడ మొదలైంది. తర్వాత పామర్ దొరికాడు. ఆల్బమ్ తయారవుతున్న వేసవిలో అతనికి ఇరవై ఏళ్ళు. మీ బాబాయి ఆ వయసులో సప్లిమెంటరీలు రాస్తున్నాడు.

స్టూడియోలో పని నడుస్తుండగానే ఆగస్టు 23న ప్లిమత్‌లో మొదటి కచేరీ చేశారు. రెండోది ఆరు రోజులకే, ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో, లక్షల మంది ముందు. చివర్లో వేదిక మీద ఫిరంగులు పేల్చారు. రెండో కచేరీకే ఫిరంగులేమిటని నాకూ అనిపించింది కానీ, ముగ్గురి స్వభావం అదే.

వీళ్ళు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. అంటే, మూడు నిమిషాల ప్రేమ పాటతో సరిపెట్టుకోకుండా, పెద్ద పెద్ద రచనల్లా పాటల్ని కట్టడం. మధ్యలో తాళం మారుతుంది, శాస్త్రీయ సంగీతం తొంగి చూస్తుంది, పాడేవాడు కాసేపు మాయమైపోతాడు. ఈ రికార్డులో రెండో పాట 'టేక్ ఎ పెబుల్' పన్నెండు నిమిషాలు దాటుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం అదే. మొదట్లో ఎమర్సన్ పియానో మెట్లు నొక్కడు, మూత తెరిచి లోపలి తీగల్నే మీటుతాడు. మొదటిసారి విన్నప్పుడు ఎదురింట్లో ఎవరో వీణ శ్రుతి చేసుకుంటున్నారేమో అనుకున్నాను. నీళ్ళలో గులకరాయి వేస్తే అలలు పాకుతాయే, అలా మెల్లగా విచ్చుకుంటుంది. నడుమ లేక్ ఒక్కడే గిటార్ పట్టుకుని, చప్పట్ల మధ్య పల్లెపాట ధోరణిలో వాయిస్తాడు. చిన్నీ, నువ్వు వింటే ముందు అది విను.

దాని తర్వాతది 'నైఫ్ ఎడ్జ్'. పాట ఉధృతంగా సాగి సాగి, చివర్లో గొంతు బొంగురుపోయినట్టు కిందికి కిందికి జారి ఆగిపోయింది. ఆ రోజుల్లో రికార్డు తిరుగుతుండగా కరెంట్ పోతే సరిగ్గా అలాగే వినపడేది. నేను లేచి వెళ్ళి ఫ్యూజు పీకి చూశాను. తీగ బాగానే ఉంది. వచ్చి చూస్తే ప్లేయర్ తిరుగుతూనే ఉంది, సూది మాత్రం చివరి గాడిలో టక్ టక్ మంటోంది. స్టూడియోలో టేపు వేగం తగ్గినట్టుగా కావాలనే అలా ముగించారట. మీ చిన్నతాత తర్వాతి ట్రిప్పులో వచ్చినప్పుడు చెబితే పడీ పడీ నవ్వాడు.

ఆ పాట గురించి ఇంకో సంగతుంది, అది అంత నవ్వులాట కాదు. దాని మూల బాణీ చెక్ దేశపు లియోష్ యానాచెక్ 1926లో రాసిన 'సిన్‌ఫోనియెట్టా'లోది. నడుమ వచ్చే ముక్క పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్‌ది. మొదటి పాట 'ద బార్బేరియన్' హంగేరీ వాడు బేలా బార్టోక్ 1911లో పియానోకి రాసిన 'అల్లెగ్రో బార్బారో'. మొదట వేసిన రికార్డుల మీద బార్టోక్ పేరు లేదు, యానాచెక్ పేరూ లేదు. అభ్యంతరాలొచ్చాక తర్వాతి ముద్రణల్లో చేర్చారు. బాణీలు ఎత్తడం మన సినిమాల్లో లేదా అంటే ఉంది, బోలెడు. కానీ పేరు వేయడానికి ఏం పోయింది? వీళ్ళు బార్టోక్‌ని చెడగొట్టలేదు, గరగరలాడే బేస్ గిటార్‌తో మొదలుపెట్టి వాయించిన తీరు చూస్తే ఆ రచన మీద ఎంత ప్రేమో తెలుస్తూనే ఉంది. ప్రేమ ఉన్నచోట పేరు దాచడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండో వైపు తిప్పితే 'త్రీ ఫేట్స్'. గ్రీకుల కథల్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళుంటారు. క్లోతో మనిషి ఆయుష్షుని నూలులా వడుకుతుంది, లాచెసిస్ కొలుస్తుంది, అట్రోపోస్ కత్తిరిస్తుంది. మనకి బ్రహ్మ ఒక్కడే నుదుట రాసేస్తాడు, వాళ్ళకి పని పంపకం ఉంది. క్లోతో భాగాన్ని లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో ఉన్న పెద్ద గొట్టాల ఆర్గాన్ మీద వాయించాడు ఎమర్సన్. ఆ గంభీరత బాగుంటుంది కానీ, మొత్తం మీద నాకు 'చూడండి నా వేళ్ళు' అన్నట్టే ఉంటుంది. తర్వాత 'ట్యాంక్'. అందులో పామర్ తని ఆవర్తనం. మృదంగం తనికి చెవి అలవాటైనవాళ్ళకి ఇది కాస్త గోలే, కిట్టూకి మాత్రం నచ్చుతుంది.

ఇక చివరిది 'లక్కీ మ్యాన్'. ఆల్బమ్‌కి పాటలు చాలలేదు. ఇంకేమైనా ఉన్నాయా అంటే, లేక్ తన పన్నెండో ఏట, అమ్మ గిటార్ కొనిచ్చిన కొత్తలో కట్టిన పాట ఒకటి బయటికి తీశాడు. డబ్బూ తెల్ల గుర్రాలూ ఉన్న ఒక అదృష్టవంతుడు రాజు కోసం యుద్ధానికి వెళ్ళి గుండు తగిలి చనిపోతాడు, అంతే కథ. మిగతావాళ్ళకి పెద్దగా ఆనలేదు. లేక్, పామర్ కలిసి దాన్ని రికార్డు చేశారు. గిటార్లూ గొంతులూ లేక్ ఒక్కడే ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాడు.

చివర్లో ఎమర్సన్ తన మూగ్ సింథసైజర్ ముందు కూర్చున్నాడు, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే యంత్రం. ఇప్పుడు కిట్టూ ఒళ్ళో పెట్టుకుని వాయించేంత కీబోర్డు కాదది, బీరువా అంత. ముందు నిండా కన్నాలు, కన్నాల మధ్య వేలాడే వైర్లు. దాని ఫోటో చూడగానే నాకు మా ఎక్స్ఛేంజ్ బోర్డు గుర్తొచ్చింది. మేము ఒక వైరు తీసి హైదరాబాద్ కన్నంలో గుచ్చితే లైన్ కలిసేది. అక్కడా అంతే, ఒక పెట్టె స్వరం పుట్టిస్తుంది, ఇంకోటి దాని పదును తగ్గిస్తుంది, వేరొకటి హెచ్చుతగ్గులు చూస్తుంది. ఏ వైరు ఎక్కడ గుచ్చితే అలా పలుకుతుంది. ఒకసారికి ఒక్క స్వరమే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారగలదు, మన గమకాల్లో జారు అంటామే, అచ్చం అలా.

ఎమర్సన్ సరిచూసుకుంటున్నట్టు ఒకసారి వాయించాడు. అవతల టేపు తిరుగుతోంది. అతనికి మళ్ళీ చేయాలనుంది, విన్నవాళ్ళు మాత్రం ఇదే చాలన్నారు. అదే ఉంచేశారు. బార్టోక్‌నీ బాఖ్‌నీ వెంటేసుకొచ్చిన ఆల్బమ్‌లోంచి రేడియోల్లో ఎక్కువగా మోగింది ఆ ఖాళీ పూడ్చడానికి వేసిన పాట.

ఎమర్సన్, లేక్ ఇద్దరూ 2016లోనే, తొమ్మిది నెలల తేడాలో పోయారు. ఆ ఏడాది డిసెంబరులో మీ చిన్నతాత ఫోన్ చేసి, "అక్కా, రికార్డు ఉందా?" అన్నాడు. ఉందన్నాను.

సంక్రాంతికి వస్తున్నారు కదా, ప్లేయర్‌కి కొత్త సూది వేయించాను. లాచెసిస్ మొదలైన కాసేపటికి ఒక గీత ఉంది, అక్కడ సూది ఎగురుతుంది, దాని నెత్తిన రూపాయి బిళ్ళ పెడితే దాటేస్తుంది. ఆ బిళ్ళ అట్టలోనే ఉంది, ఎవరూ తీయకండి. 'లక్కీ మ్యాన్' చివర ఆ జారు వచ్చేటప్పుడు మాత్రం సకినాలు కరకర నమలొద్దు.

మీ
అమ్మమ్మ