మేమే వాయించాం కదా, పాట మాది కాదా?

రాత్రి పదకొండున్నరకి ఒక గిటారిస్టు ఫోన్ చేశాడు. నలుగురు కుర్రాళ్లు, పాడటానికి ఒక అమ్మాయి, హైదరాబాద్‌లో జామ్ రూమ్ అద్దెకి తీసుకుని రెండేళ్లుగా వాయిస్తున్న బ్యాండ్ వాళ్లది. ఓ పాత ఇంగ్లీష్ రాక్ పాటకి తెలుగు మాటలు రాసుకుని నా స్టూడియోలోనే రికార్డ్ చేశారు. డ్రమ్స్‌కే రెండు రోజులు పట్టింది. మిక్సింగ్, మాస్టరింగ్, వీడియో అన్నీ కలిపి ఖర్చు లక్షన్నర దాటింది. "అన్నా, పాటని మ్యూజిక్ యాప్‌లకి ఎక్కించే డిస్ట్రిబ్యూటర్ రిజెక్ట్ చేశాడు. తెలుగు లిరిక్స్‌కి పర్మిషన్ లెటర్ ఏదీ అంటున్నాడు. వాయించింది మనం, పాడింది మనం. ఇంక పర్మిషన్ ఎవరిది?"

ఈ ప్రశ్న నేను వినడం ఇది ఎన్నోసారో లెక్క లేదు. ఈసారి మాత్రం తప్పులో నాకూ వాటా ఉంది. మొదటి మైక్ పెట్టకముందే అడగాల్సింది. అనుమతి తెచ్చుకునే ఉంటారులే అనుకుని అడగలేదు.

అపోహ: మేమే వాయించి, మేమే పాడాం కాబట్టి పాట మాదే.

బ్యాండ్‌ల డబ్బు ఎక్కువగా కాలేది ఇక్కడే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

పాట వేరు, రికార్డింగ్ వేరు. బాణీ, మాటలు కలిపితే పాట. అది రాసినవాళ్లది, లేదా వాళ్ల దగ్గర హక్కులు కొన్న పబ్లిషర్‌ది. ఆ పాటని ఎవరో ఒకరు ఒక రోజు ఒక స్టూడియోలో వాయించి పట్టుకున్న శబ్దం రికార్డింగ్. అది సాధారణంగా డబ్బు పెట్టిన లేబుల్‌ది, అంటే మ్యూజిక్ కంపెనీది. మీరు కవర్ చేసినప్పుడు, అంటే ఇంకొకరి పాటని మళ్లీ మీరు వాయించి పాడినప్పుడు, కొత్త రికార్డింగ్ పుడుతుంది. ఖర్చు మీరు పెట్టుకుంటే అది నిజంగానే మీదే. కానీ దాని లోపలున్న పాట మీది కాదు. స్థలం వేరేవాళ్లది, దాని మీద మీరు ఇల్లు కట్టారు. ఇల్లు ఎంత బాగా కట్టినా పట్టా మారదు కదా.

గిటారిస్టు హెండ్రిక్స్ సంగతి చూడండి. బాబ్ డిలాన్ 1967లో 'ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్' విడుదల చేశాడు. అకూస్టిక్ గిటారు, మౌతార్గాన్‌తో చాలా పొదుపైన పాట. మరుసటి ఏడాదే జిమి హెండ్రిక్స్ దాన్ని స్టూడియోలో పూర్తిగా మార్చేశాడు. గిటారు పొరలు, సోలోలు, తుఫాను ముందు గాలిలాంటి ఆ సౌండ్... తర్వాత డిలాన్ కూడా స్టేజ్ మీద ఆ పాటని హెండ్రిక్స్ దారిలోనే వాయించడం మొదలుపెట్టాడు. కవర్‌కి అంతకంటే గౌరవం ఏముంటుంది? అయినా ఆ పాట రచయితగా ఈ రోజుకీ డిలాన్ పేరే ఉంది. హెండ్రిక్స్‌కే దక్కని హక్కు మన జామ్ రూమ్‌లో సోలో మార్చినంత మాత్రాన వస్తుందా?

"డిస్క్రిప్షన్‌లో క్రెడిట్స్ ఇచ్చాం అన్నా" అంటారు. ఇవ్వండి, అది మర్యాద. కానీ క్రెడిట్ అనుమతి అవదు. పక్కింటి బండి తీసుకెళ్లి, బండి ఫలానావారిది అని వెనకాల బోర్డు పెట్టినట్టు ఉంటుంది. "కాపీరైట్ ఉల్లంఘన మా ఉద్దేశం కాదు" అని రాసే ఆ వాక్యం ఎవరు మొదలుపెట్టారో గానీ, అది తాయెత్తు కట్టుకోవడమే. ముప్పై సెకన్ల లోపైతే ఫర్వాలేదనే మాటకి చట్టంలో చోటే లేదు.

మరి చట్టం ఏమంటుంది? అమెరికాలో 1909 నుంచీ ఒక ఏర్పాటు ఉంది. పియానో తనంతట తాను వాయించుకునేలా కాగితపు రోల్స్ అమ్మే రోజుల్లో పుట్టిన నియమం అది. పాట ఒకసారి రికార్డై బయటికొచ్చాక, నిర్ణయించిన రాయల్టీ కట్టి ఎవరైనా దాన్ని కొత్తగా రికార్డ్ చేసుకోవచ్చు. రచయిత కాదనలేడు. మీ శైలికి తగ్గట్టు వాయించే తీరు మార్చుకోవచ్చు గానీ, పాట మూల స్వభావాన్ని మార్చకూడదు. ఇది ఆడియోకి మాత్రమే. వీడియోకి జత చేయాలంటే సింక్ లైసెన్స్ వేరుగా మాట్లాడుకోవాలి.

మన దగ్గర 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి 31సి సెక్షన్ వచ్చింది. పాట తొలిసారి రికార్డైన సంవత్సరం ముగిశాక ఇంకో 5 క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కూడా ముందే కట్టాలి. అదీ ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటలో మార్పులు చేయకూడదు. అట్ట మీద ఇది కవర్ వెర్షన్ అని రాయాలి. క్యాసెట్లు, సీడీలు అమ్మే కంపెనీని మనసులో పెట్టుకుని రాసిన సెక్షన్‌లా ఉంటుంది చదివితే. ఐదుగురు పిల్లల బ్యాండ్‌కి ఇది పనికొచ్చే దారి కాదని నా అభిప్రాయం. నేరుగా పబ్లిషర్‌నో లేబుల్‌నో అడగడం, లేదా కవర్ లైసెన్స్ చూసిపెట్టే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్లడం నయం.

ఇప్పుడు మా గిటారిస్టు దగ్గరికొద్దాం. ఉన్న పాటని ఉన్నట్టు పాడి ఉంటే ఆ డిస్ట్రిబ్యూటర్ దగ్గరున్న కవర్ లైసెన్స్‌తో పని జరిగిపోయేది. మాటలు మార్చేశారు. అనువాదం అనేది రచయిత చేతిలో విడిగా ఉండే హక్కు. కవర్ లైసెన్స్ దాన్ని ఇవ్వదు. లక్షన్నర ఆగిపోయింది పక్కా ఈ ఒక్క కారణానికి.

అపోహ: పాత పాట, భక్తి పాట, జానపదం ఎవరిదీ కాదు.

సగం నిజం. అన్నమయ్య 1503లో కన్నుమూశారు, ఆయన సాహిత్యం అందరిదీ. కానీ మనం పాడుకునే చాలా కీర్తనలకి అసలు బాణీలు మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కూర్చిన స్వరాలే మన చెవుల్లో ఉన్నాయి. మన చట్టంలో రచయిత మరణించాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. నేదునూరివారు పోయింది 2014లో. 'నానాటి బతుకు నాటకము' రేవతి రాగంలో మనకి అంతగా పట్టుకుందంటే ఆ బాణీ ఆయనది. దానికి గిటారుని గరగరలాడించే డిస్టార్షన్ పెట్టి వాయించే రాక్ బ్యాండ్‌లు "అన్నమయ్యది కదా, ఫ్రీ" అనుకుంటే పొరపాటు. మాటలు మాత్రమే తీసుకుని సొంత బాణీ కట్టుకుంటే అది వేరే సంగతి, హాయిగా కట్టుకోండి.

అపోహ: యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చిందంటే ఛానెల్ పోయినట్టే, కేసు పెట్టినట్టే.

ఇది భయం వల్ల పుట్టిన అపోహ, కోప్పడబుద్ధి కాదు. ఒకసారి ఓ గాయని వాళ్ల నాన్నగారు నాకు ఫోన్ చేశారు. "బాబూ, మా అమ్మాయి పాట మీద ఏదో కాపీరైట్ అని వచ్చింది. వచ్చే నెల పెళ్లిచూపులు ఉన్నాయి. పోలీసులు ఇంటికొస్తారా?" ఆయన గొంతు వణుకుతోంది. "అంకుల్, ఎవరూ రారు, మీరు నిశ్చింతగా పడుకోండి" అన్నాను. స్క్రీన్‌షాట్ పంపమంటే పంపారు. కంటెంట్ ఐడీ క్లెయిమ్. అంటే పాట హక్కుదారు ఎవరో యంత్రం గుర్తుపట్టింది. వీడియో అక్కడే ఉంది. చాలాసార్లు జరిగేది ఇంతే. దాని మీద ప్రకటనల డబ్బు హక్కుదారుకి వెళ్తుంది. కొన్నిసార్లు కొన్ని దేశాల్లో కనబడకుండా చేస్తారు.

స్ట్రైక్ వేరు. హక్కుదారు చట్టప్రకారం తీసేయమని కోరితే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోవచ్చు. దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. క్లెయిమ్ చూసి కంగారుపడి, హక్కు లేకపోయినా డిస్‌ప్యూట్ మీద డిస్‌ప్యూట్ వేసి, లేని స్ట్రైక్‌ని కొనితెచ్చుకున్నవాళ్లని చూశాను. ముందు ఏమొచ్చిందో చదవండి. వాట్సాప్ గ్రూపులో "మన పేజీ ఎగిరిపోతుంది" అని పెట్టేవాడు ఆ మెయిల్ తెరిచి కూడా ఉండడు.

ఇక్కడే ఇంకోటి. ఒరిజినల్ ట్రాక్‌లోంచి గొంతు తీసేసి దాని మీద పాడితే అది కవర్ కాదు. అది లేబుల్ రికార్డింగ్‌నే వాడుకోవడం. ఇల్లు కూడా వాళ్లదే, మీరు గుమ్మానికి రంగు వేశారంతే.

అపోహ: లైవ్‌లో పాడటానికి, దాన్ని రికార్డ్ చేయడానికి ఏ గొడవా ఉండదు.

స్టేజ్ మీద పాడినా పాట హక్కు దాని హక్కుదారుదే. ఆ లైసెన్స్ మామూలుగా వేదికవాళ్లో నిర్వాహకులో పాటల హక్కుదారుల సంస్థ ఐపీఆర్ఎస్ నుంచి తీసుకుంటారు. అడిగి తెలుసుకోండి. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న బాలుగారికి ఇళయరాజాగారి తరఫున నోటీసు వెళ్లిన సంగతి మనందరికీ గుర్తే. ఆ పర్యటనలో ఇళయరాజాగారి పాటలు పాడనని బాలుగారు ప్రకటించారు. అంత అనుబంధం ఉన్నవాళ్ల మధ్యే ఆ మాట వచ్చింది. ఇక గిగ్ (లైవ్ షో) వాయించడానికి ఉన్న లైసెన్స్‌తో అదే గిగ్ రికార్డింగ్‌ని ఆల్బమ్‌గా వేయలేరు. అది రెండో మెట్టు.

అపోహ: మిక్సింగ్ కన్సోల్ స్టీరియో ఔట్ (అన్ని మైకులూ కలిసి బయటికొచ్చే లైన్) పట్టుకుంటే లైవ్ ఆల్బమ్ రెడీ.

ఇది నా పనికి సంబంధించింది కాబట్టి ఒళ్లు మండుతుంది. చిన్న హాల్లో గిటారు ఆంప్‌లు (యాంప్లిఫయర్లు), డ్రమ్స్ గదిలోనే దద్దరిల్లుతుంటాయి. కన్సోల్‌లో వాటిని పైకి లేపే అవసరమే ఉండదు. అందుకని స్టీరియో ఔట్‌లో గొంతు మాత్రం చెవి దగ్గర అరిచినట్టు, గిటారు పక్కింట్లో మోగినట్టు వస్తుంది. ప్రతి ఛానెల్‌నీ విడిగా మల్టీట్రాక్ తీసుకోవాలి, జనం చప్పుడికి రెండు మైకులు పెట్టాలి. అప్పుడే మిక్స్ అనేది ఉంటుంది.

అన్నీ పెట్టినా తప్పులు జరుగుతాయి. ది హూ బ్యాండ్ 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీలో, మర్నాడు హల్‌లో వాయించి రికార్డ్ చేసింది. హల్ టేపుల్లో మొదటి కొన్ని పాటలకి బేస్ గిటారే పడలేదు. అలా లీడ్స్ రికార్డింగ్ ఆల్బమ్ అయింది. మొదట వచ్చిన ఆ ఆల్బమ్‌లో ఆరు పాటలుంటే మూడు కవర్లే. హల్ రికార్డింగ్ 2010లో గానీ బయటికి రాలేదు, అదీ లీడ్స్ బేస్‌ని తెచ్చి అతికించాక. ఈ కథ చదివిన రోజు నాకు ఎంత ఊరటో. నేనూ ఒక కాలేజీ ఫెస్ట్‌లో బేస్ ఛానెల్ రికార్డ్ బటన్ నొక్కడం మర్చిపోయాను. బేసిస్టు మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

మరి తర్వాత సరిచేస్తే అది మోసమా అని అడుగుతారు. 1975 నాటి కిస్ బ్యాండ్ లైవ్ ఆల్బమ్ 'అలైవ్!'లో తర్వాత స్టూడియోలో కలిపిన భాగాలున్నాయని వాళ్లే ఒప్పుకున్నారు. ఎంత కలపాలనేది అభిరుచి. కాకపోతే గొంతు మైక్‌లోకి డ్రమ్మర్ సింబల్స్ చప్పుడు కారినట్టే, గొంతు కూడా మిగతా మైకుల్లోకి కారుతుంది. కాబట్టి గొంతు మార్చినా పాత గొంతు దెయ్యంలా మిగతా మైకుల్లో వినబడుతూనే ఉంటుంది.

అన్‌ప్లగ్డ్ (అకూస్టిక్ వాయిద్యాలతో చేసే కచేరీ) అంటే కరెంటే తగలకూడదనీ, కవర్లు చేసేవాళ్లకి సొంత సరుకు ఉండదనీ అనేవాళ్లకి కలిపి ఒకే జవాబు, అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణ. 1988లో వాళ్ల మొదటి సింగిలే కవర్, డచ్ బ్యాండ్ షాకింగ్ బ్లూ పాట. సబ్ పాప్ లేబుల్ 1,000 కాపీలు వేసింది. 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో ఎంటీవీ 'అన్‌ప్లగ్డ్' కోసం వాయించిన 14 పాటల్లో 6 కవర్లు, అందులో మూడు మీట్ పపెట్స్‌వి. ఆ బ్యాండ్ అన్నదమ్ముల్నే స్టేజ్ మీదికి పిలిచి వాయించారు. నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ అకూస్టిక్ గిటారు ఆంప్‌లోకి వెళ్లింది. ఆంప్ కనబడకుండా దాని ముందు స్టేజ్ మానిటర్ స్పీకర్‌లా కనిపించే డబ్బా పెట్టారు. 'ది మ్యాన్ హూ సోల్డ్ ది వరల్డ్'లో ఆ గిటారు కాస్త గరగరలాడేది అందుకే. అది నిర్వాణ పాటే అనుకునేవాళ్లు ఇప్పటికీ నా స్టూడియోకి వస్తారు. డేవిడ్ బౌవీ 1970 పాట అది.

మా కుర్రాళ్ల సంగతి చెప్పలేదు కదా. పబ్లిషర్‌కి మెయిల్ పెట్టారు, నాలుగు నెలలు జవాబు లేదు. చివరికి ఆ అమ్మాయి ఓ ఆదివారం వచ్చి, అవే ట్రాక్‌ల మీద ఇంగ్లీష్ మాటలతో మళ్లీ పాడింది. మూడో టేక్ ఓకే. నేను ఆ రోజుకి డబ్బు తీసుకోలేదు. కవర్ లైసెన్స్‌తో ఆడియో బయటికొచ్చింది. తెలుగు గొంతు ట్రాక్ నా హార్డ్ డిస్క్‌లో ఉంది. గిటారిస్టు నెలకోసారి ఫోన్ చేసి మెయిల్ వచ్చిందా అని నన్నడుగుతాడు, మెయిల్ పెట్టింది తనే అయినా.